అయిదొందల చేప

మౌంట్ మూన్ గుహకి కాస్త ముందు ఒక పోకెమాన్ సెంటర్ ఉంటుంది. లోపల నిలబడ్డ ఒక ఆసామి, నీకు మాత్రమే చెప్తున్నా అన్న ధోరణిలో, ఒక చేపని 500కి మనకి అంటగడతాడు. ఆ చేప పేరు మ్యాజికార్ప్. దానికి వచ్చిన విద్య ఒక్కటే, ఎగిరెగిరి నీళ్ళు చిమ్మడం. దానివల్ల ఎదుటి జీవికి వెంట్రుకంత హాని కూడా జరగదు. ఆట అప్పుడే మొదలెట్టినవాడికి 500 అంటే చిన్న డబ్బు కాదు. రెండు బంతులు కొనుక్కుని ఇంకా చిల్లర మిగుల్చుకోవచ్చు.

నేను కొన్నాను. పక్క కుర్చీలో కూచున్న మా పిన్ని కొడుకు "అన్నయ్యా, నిన్ను ముంచేశాడు" అన్నాడు. వాడికప్పుడు తొమ్మిదేళ్ళు. గుంటూరులో మా ఇంట్లో, వేసవి సెలవుల్లో, డెస్క్‌టాప్ మీద ఎమ్యులేటర్‌లో ఫైర్‌రెడ్ ఆడేవాళ్ళం. గేమ్‌బాయ్ అనే వస్తువుని మేమిద్దరం బొమ్మలో తప్ప చూళ్ళేదు. వాడిదో సేవ్ ఫైలు, నాదో సేవ్ ఫైలు. కరెంటు ఉన్నప్పుడు గంట నాది, గంట వాడిది.

ఆ చేప 20వ లెవెల్ చేరితే గ్యారడాస్ అవుతుందని నాకు తెలుసు. ఎంత కష్టపడాలో మాత్రం తెలీదు. ఈ మధ్య లెక్క వేశాను. పోకెమాన్‌లో ప్రతి జీవికీ ఎదుగుదల వేగం ముందే రాసిపెట్టి ఉంటుంది. మ్యాజికార్ప్‌ది నిదానంగా ఎదిగే జాతి. 20వ లెవెల్‌కి రావాలంటే మొత్తం 10,000 అనుభవ పాయింట్లు కావాలి. అదే మొదటి అడవిలో దొరికే కేటర్‌పీ అనే గొంగళిపురుగు, 10వ లెవెల్‌కల్లా సీతాకోకచిలుక అయిపోతుంది. దానికి పట్టేది 1,000. పైగా చేప కొట్లాడలేదు. ప్రతి పోరాటంలోనూ దాన్ని ముందు నిలబెట్టి, వెంటనే వెనక్కి పిలిచి, ఇంకో జీవిని దింపాలి. వచ్చిన పాయింట్లలో సగం చేపకి, సగం అసలు కొట్టినదానికి. పని చెయ్యనివాడికి సగం జీతం ఇస్తూ పోవడమన్నమాట. మూడు రోజులు పట్టింది. గ్యారడాస్ తెరమీదికి వచ్చినప్పుడు మావాడు లేచి నిలబడ్డాడు.

జీవుల్ని పోగుచేసే ఆటల గురించి ఎక్కడ చర్చ వచ్చినా నాకు ఆ మూడు రోజులు గుర్తొస్తాయి. ఎందుకంటే ఈ ఆటలు ఒకదానికొకటి పడని రెండు కోరికల్ని ఒకే సంచిలో వేసి మూతి కడతాయి. ఒకటి సేకరించాలన్న కోరిక. అది ఎప్పుడూ ఇంకోటి కావాలంటుంది. రెండోది పెంచాలన్న కోరిక. దానికి ఒక్కటి చాలు, కాకపోతే దగ్గరే ఉండాలి. సతోషి తజిరి చిన్నతనంలో టోక్యో శివార్లలోని మచిదాలో పురుగులు పట్టేవాడన్నదీ, ఆ పొలాలూ చెరువులూ పోయి ఇళ్ళు లేచాయన్నదీ, ఆ పోయినదాన్ని 1996లో గేమ్‌బాయ్‌లోకి తెచ్చాడన్నదీ తరచూ వినే కథే. నిజమే కానీ, ఆ కథలో సగమే ఉంది. సీసాలో పెట్టిన పురుగు పెరగదు. రెండు రోజుల్లో చచ్చిపోతుంది. డ్రాగన్ క్వెస్ట్ లాంటి ఆటల నుంచి లెవెళ్ళ పద్ధతి తీసుకొచ్చి ఈ పురుగుల సీసాకి అంటుకట్టారు. పోకెమాన్ చేసిన అసలు పని ఆ అంటుకట్టడమే.

ఆ అంటు నిలబడేలా చేసిన నియమం చాలా చిన్నది. పట్టగలిగినవి 151, వెంట తీసుకెళ్ళగలిగేవి ఆరు. మిగతావి కంప్యూటర్ పెట్టెల్లో ఉంటాయి. అరుదైనది దొరికింది సరే, దానికి చోటివ్వాలంటే ఎవర్ని దింపాలి? ఈ ప్రశ్న అడగలేని ఆట సంత అవుతుంది కానీ ప్రయాణం అవ్వదు.

అరుదుతనాన్ని ఎక్కడ పెట్టారో చూస్తే మొదటి తరం ఆటల తెలివి ఇంకా బాగా తెలుస్తుంది. మొదటి అడవిలో పికాచు కనబడే అవకాశం నూటికి అయిదు. అంత అరుదైనా అది బలవంతురాలేం కాదు. గడ్డిలో ఎంతసేపు తిరిగావు అన్నదానికి బహుమతి, అంతే. ఇక అందరికన్నా బలమైన మ్యూటూ ఆట అయిపోయాక దొరుకుతుంది. ఛాంపియన్ని ఓడించాక తెరుచుకునే గుహలో, 70వ లెవెల్‌లో కూచుని ఉంటుంది. దాన్ని పట్టుకోవడం ఎంత సులువో చెప్పే సంఖ్య 3. కేటర్‌పీకి అదే సంఖ్య 255. పట్టుకున్నాక? దానితో చెయ్యడానికి పనేం మిగల్లేదు. ఎదగాల్సినంత ఎదిగే వచ్చింది, కొట్టాల్సినవాళ్ళని మనం ముందే కొట్టేశాం. నేనైతే నా ఒక్కగానొక్క మాస్టర్ బాల్ దానిమీదే ఖర్చుపెట్టి, రెండు పోరాటాలు చేయించి, విసుగొచ్చి పెట్టెలో పడేశాను. తెలిసే చేశారనుకుంటాను. అత్యంత అరుదైనదాన్ని ప్రయాణం చివర పెట్టడమంటే, ప్రయాణాన్ని దాన్నుంచి కాపాడ్డమే.

(మ్యూ సంగతి వేరు. ఆట పూర్తయ్యాక పరీక్షల సాధనాలు తీసేస్తే మిగిలిన దాదాపు 300 బైట్ల చోటులో షిగెకి మొరిమొతో దాన్ని ఇరికించాడు. ఆటలో మామూలుగా దొరకదు. దాని అరుదుతనం ఆట బయట, పుకార్లలో పెరిగింది. ట్రక్కు కింద ఉంటుందని నమ్మి నేను కూడా ఒక వారం పోగొట్టుకున్నాను.)

అరుదుతనాన్నీ ఎదుగుదలనీ ఒకే జీవిలో కలిపి చూసినవాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనదీ, కోపం తెప్పించేదీ ఫీబస్. 2002లో వచ్చిన రూబీ, సఫైర్ ఆటల్లోది. 119వ దారి పక్కన పొడవాటి నది. అందులో గాలం వెయ్యగలిగే గళ్ళు 400 పైచిలుకు. వాటిలో ఫీబస్ ఉండేది ఆరింటిలోనే. ఏ ఆరు అన్నది ఒక్కో ఆటగాడికి ఒక్కోలా ఉంటుంది. అదీ ఎలా నిర్ణయమవుతుందంటే, ఎక్కడో దూరంగా డ్యూఫోర్డ్ అనే ఊళ్ళో పిల్లల నోట్లో ఆడే ఒక ఫ్యాషన్ మాటని బట్టి. ఆ మాట మారితే చేపలు చోటు మారతాయి! ఆట ఈ సంగతి ఎక్కడా నేరుగా చెప్పదు. ఊరి వాడుకకీ నది అడుగుకీ ముడిపెట్టాలన్న ఊహ ఎవరికి వచ్చిందో కానీ, వాళ్ళకి నమస్కారం.

సరే, గడి తర్వాత గడి గాలం వేసి, చివరికి దొరికింది. ఏం దొరికింది? మ్యాజికార్ప్ కన్నా బీద చేప. చిరిగిన రెక్కలు, మట్టి రంగు. ఇన్ని గంటలు వెతికింది దీనికోసమా అనిపిస్తుంది. దీన్ని ఎన్ని యుద్ధాల్లో తిప్పినా మారదు. లెవెల్‌తో పనిలేదు. దీనికి అందం పెరగాలి. పళ్ళు కోసుకొచ్చి, రుబ్బి, రంగురంగుల బిళ్ళలు చేసి, ఏ రుచి దానికి నచ్చుతుందో చూసుకుని తినిపించాలి. అందం ఒక హద్దు దాటాక, ఒక్క లెవెల్ పెరిగితే చాలు, మైలోటిక్ అవుతుంది. ఆ సిరీస్‌లోనే అందమైన జీవుల్లో ఒకటి. చాలా అరుదైనది ముందు వికారంగా దొరకడం, పోరాటంతో కాక పోషణతో ఎదగడం చూస్తే, ఒక మంచి జానపద కథలో ఉండాల్సిన లక్షణాలన్నీ ఇందులో ఉన్నాయనిపిస్తుంది.

కోపం ఎందుకంటే, అది తినేదానికి ఒక హద్దుంది. తెలియక నాసిరకం బిళ్ళలు పెడితే కడుపు నిండిపోతుంది, అందం చాలదు. ఇక అది ఎన్నటికీ ఫీబస్సే. నా మొదటిది అలాగే పాడైంది. ఆరు గళ్ళ కోసం మళ్ళీ నది మొత్తం తిరగాల్సి వచ్చింది. దొరకడం కష్టం చెయ్యండి, పెంచడం కష్టం చెయ్యండి. రెండూ ఒకదానిమీద ఒకటి పేర్చి, పైన ఒక్క తప్పుకి క్షమాపణ లేకుండా చేస్తే, పిల్లలు నేర్చుకునేది పోషణ కాదు, భయం. ఆ కంపెనీకీ అలాగే అనిపించిందేమో. 2010 నాటి బ్లాక్, వైట్ ఆటలకల్లా ఫీబస్‌కి ఒక పొలుసు తగిలించి ఇంకొకరితో మార్పిడి చేసుకుంటే మైలోటిక్ అయిపోయింది. తప్పు దిద్దబోయి కథనే తీసేశారు. ఎవరూ చెడిపోరు, ఎవరికీ ఏదీ గుర్తుండదు.

బ్లాక్ అంటే గుర్తొచ్చింది. ఇంజనీరింగ్ హాస్టల్లో, లాప్‌టాప్ కొన్న మొదటి నెలలో, నేను ఈ ఆటల రెండో ముఖం చూశాను. ఆ ఆటలో బ్యాటిల్ సబ్‌వే దగ్గర ఒకాయన నిలబడి ఉంటాడు. మన జీవిని చూపిస్తే, దాని పుట్టుక ఎంత గొప్పదో చెప్తాడు. ఎదుగుదలని నడిపే లెక్కల్లో రెండు దాచిన సంఖ్యలుంటాయి. ఒకటి పుట్టుకతో వచ్చేది. బలం, వేగం, ఓర్పు ఇలా ఒక్కో గుణానికీ 0 నుంచి 31 దాకా ఎంతో ఒకటి పడుతుంది. ఆ ఆటల్లో దాన్ని మార్చలేం. రెండోది శ్రమతో వచ్చేది. దాని పేరే శ్రమ విలువ. ఏ జీవుల్ని ఓడిస్తే ఆ గుణం పెరుగుతుంది. 100వ లెవెల్‌లో ఒక గుణానికి పుట్టుక ఇవ్వగలిగింది 31 పాయింట్లు. శ్రమ ఇవ్వగలిగింది 63. శ్రమ బరువు పుట్టుకకి రెట్టింపు. ఇది మొదటిసారి చదివినప్పుడు ఎంత సంతోషమేసిందో! ఒక పిల్లల ఆట లోపల, ఎవరికీ కనబడని చోట, ఇంత న్యాయం రాసిపెట్టారా అనుకున్నా.

కానీ ఆన్‌లైన్‌లో ఆడే వాళ్ళని చూశాక విషయం అర్థమైంది. శ్రమ అందరూ పెట్టగలరు. ఓ పూట కూచుంటే ఎవరి జీవికైనా 63 వచ్చేస్తుంది. అందరిదీ 63 అయినప్పుడు, గెలుపు తేల్చేది ఆ మిగిలిన 31. కాబట్టి జనం చేసేదేంటంటే, గుడ్లు పొదిగించడం. ఒకటి కాదు, పెట్టెలకి పెట్టెలు. పుట్టినవాటిని ఆయనకి చూపించడం, 31లు లేనివాటిని వదిలేయడం. నేనూ చేశాను. ఒక రాత్రి, రెండు పెట్టెలు, అంటే అరవై పిల్లల్ని, ఒక్కొక్కదాన్ని వదిలేశాను. వదిలేటప్పుడు ఆట ప్రతిసారీ వీడ్కోలు చెప్తుంది. ముప్ఫయ్యోదో, నలభయ్యోదో వదిలేటప్పుడు, ఇంటర్‌లో మా రెసిడెన్షియల్ కాలేజీ నోటీసు బోర్డు కళ్ళముందుకొచ్చింది. చేరిన మొదటి నెల పరీక్ష మార్కులతో మమ్మల్ని సెక్షన్లుగా పంచిన కాగితం. పై సెక్షన్‌కి మంచి లెక్చరర్లు, ఏసీ గది. మా సెక్షన్‌కి, పాపం, ఆయనా మంచివాడే, కానీ మధ్యాహ్నం రెండు తర్వాతే వచ్చేవాడు. ఏడాదంతా అందరం ఒకే పద్నాలుగు గంటలు చదివాం. శ్రమ విలువ అందరిదీ నిండిపోయింది. అసలు తేడా ఆ మొదటి నెలలోనే పడిపోయింది.

ఆట ఆ కాలేజీ కన్నా నయం, ఎందుకంటే తర్వాత తప్పు ఒప్పుకుంది. 2016లో సన్, మూన్ వచ్చినప్పుడు, 100వ లెవెల్ దాకా పెంచిన ఏ జీవికైనా ఒక సీసా మూతతో ఆ పుట్టుక లోటుని పూడ్చుకునే వీలు కల్పించారు. చిన్నప్పటి నుంచీ పెంచుకున్న పాతదాన్ని వదిలేసి గుడ్లు పొదగాల్సిన పని తప్పింది. ఎదుగుదల చివరికి పుట్టుకని సరిదిద్దగలగడమన్నది, ఈ సిరీస్ తీసుకున్న నిర్ణయాల్లో నాకు అన్నిటికన్నా గౌరవం ఉన్నది. 100 దాకా ఎందుకు ఆగాలి అని అడిగేవాళ్ళున్నారు. వాళ్ళ మాట కూడా సబబే. 2022 ఆటల్లో దాన్ని 50కి తగ్గించారు.

అదే 2016లో, ఇంకో పక్క, పోకెమాన్ గో ఈ అంటుని తలకిందులు చేసింది. భారతదేశంలో అధికారికంగా డిసెంబర్‌లో, జియోతో కలిసి వచ్చింది. అప్పటికి నేను హైదరాబాద్‌లో ఉద్యోగంలో ఉన్నాను. నీళ్ళ పక్కన మ్యాజికార్ప్‌లు దొరుకుతాయని సాయంత్రాలు హుస్సేన్ సాగర్ చుట్టూ ఫోన్ పట్టుకు తిరిగేవాణ్ణి. పాత స్నేహంతో మళ్ళీ గ్యారడాస్ చేద్దామనుకున్నా. దానికి 400 క్యాండీలు కావాలి. ఒక మ్యాజికార్ప్‌ని పడితే మూడు, దాన్ని ప్రొఫెసర్‌కి పంపేస్తే ఇంకోటి. అంటే దాదాపు వంద చేపల్ని పట్టి పంపేస్తే ఒక చేప ఎదుగుతుంది. ప్రొఫెసర్ వాటిని మిక్సీలో వేసి క్యాండీలు చేస్తాడని అప్పట్లో అందరూ వేసుకున్న జోకు. జోకు బాగుంది కానీ అందులో ఒక దిగులుంది. ఆ గ్యారడాస్ నేను పెంచినది కాదు. వంద చేపల అస్థికలు. ఇక్కడ ఎదుగుదల అన్నది సేకరణకి పెట్టిన మరో పేరు.

అయినా ఆ ఆటలోనే ఇంకో దారి ఉంది. ఒక మ్యాజికార్ప్‌ని తోడుగా పెట్టుకుని నడిస్తే కిలోమీటరుకో క్యాండీ వస్తుంది. నాలుగు వందల కిలోమీటర్లు. మా ఆఫీసులో ఒకావిడ అలాగే చేసింది. ఉదయం నడకకి డాక్టర్ చెప్పాడట, పనిలో పని అనుకుంది. ఏడాది పైనే పట్టింది. ఆవిడ గ్యారడాస్ యుద్ధబలం నాదానికన్నా తక్కువ. తన ఫోన్ చూపించినప్పుడు మాత్రం నాది దాచుకోవాలనిపించింది.

ఇక డబ్బుపెట్టి చక్రం తిప్పే గాచా ఆటల గురించి ఎక్కువ చెప్పబుద్ధి కాదు. అక్కడ అరుదుతనమే బలం. అయిదు నక్షత్రాలది పుట్టగానే మూడు నక్షత్రాలదాన్ని మించుతుంది, మూడు నక్షత్రాలది దానికి మేత అవుతుంది. 2012 నాటి పజిల్ అండ్ డ్రాగన్స్‌లో ఒక జీవిని ఎదిగించాలంటే మిగతావాటిని దానికి తినిపించాలి. నిజాయితీ అంటే అదే, కనీసం ముసుగు లేదు.

నన్ను ఎక్కువ ఇబ్బందిపెట్టేది రెండో చివర. 2019లో వచ్చిన స్వోర్డ్, షీల్డ్ ఆటల్లో, ఒకరు పోరాడితే ఆరుగురికీ అనుభవం వస్తుంది, ఆ ఏర్పాటుని ఆపలేం. ఇవాళ మ్యాజికార్ప్‌ని వెనక జేబులో వేసుకుని తిరిగితే, అది ఒక్కసారి కూడా గట్టెక్కి ముందుకి రాకుండానే గ్యారడాస్ అయిపోతుంది. ఎవరిని పెంచాలి అన్న ప్రశ్నే లేదు. అందరూ పెరుగుతారు. ఇది బాలేదని రాయడం మొదలుపెట్టి ఆగిపోయాను. ఎందుకంటే ఆ మూడు రోజుల గురించి ఇందాక ఒక మాట దాచాను. ఎమ్యులేటర్‌లో స్పేస్‌బార్ నొక్కి పట్టుకుంటే ఆట నాలుగైదు రెట్ల వేగంతో పరిగెడుతుంది. మ్యాజికార్ప్ కోసం నేను స్పేస్‌బార్ మీద ఒక పుస్తకం బరువు పెట్టాను. గేమ్‌బాయ్ కొనుక్కున్న జపాన్ పిల్లాడికి ఆ చేప రెండు వారాలు పట్టి ఉంటుంది. నా మూడు రోజుల్ని చూసి వాడు నవ్వడా? ఇవాళ ఎనిమిదేళ్ళ పిల్లని చూసి నేను నవ్వినట్టే. ఎదుగుదలకి ఇంత సమయమే సరైనదని చెప్పే కొలబద్ద నా దగ్గర లేదు. ఒక్కటి మాత్రం నమ్ముతాను. స్పేస్‌బార్ నొక్కినా, ఆరింటిలోంచి ఒక చేపని నేనే ఎంచుకున్నాను. మిగతా అయిదింటికి దక్కాల్సింది దానికిచ్చాను. స్వోర్డ్‌లో లేనిది సమయం కాదు, ఆ పక్షపాతం.

ఈ పక్షపాతాన్ని ఆటగాళ్ళే తిరిగి తెచ్చుకున్నారు. 2010లో నిక్ ఫ్రాంకో అనే అతను తను పెట్టుకున్న నియమాలతో ఆడిన ఆటని కామిక్‌గా గీశాడు. దాన్నే నజ్‌లాక్ అంటారు. ఒక ప్రాంతంలో మొదట ఎదురైన జీవినే పట్టాలి. అది పోరాటంలో పడిపోతే చచ్చినట్టే లెక్క, వదిలేయాలి. అందరికీ పేర్లు పెట్టాలన్నది ఆ తర్వాత స్థిరపడిన ఆచారం. ఒక్క గీత కోడ్ మార్చకుండా ఇది అరుదుతనం అర్థాన్నే మార్చేసింది. నూటికి యాభైసార్లు కనబడే పిట్ట కూడా, నీకు దొరికింది అదొక్కటే కాబట్టి, అరుదైనదే. 1/4096 అవకాశంతో రంగు మారి పుట్టే మెరుపు జీవుల కోసం నెలలు గడిపేవాళ్ళంటే నాకు గౌరవమే. కానీ ఆ అరుదుతనం యంత్రం వేసిన పాచిక. నజ్‌లాక్‌ది నీకు నువ్వు వేసుకున్న ఒట్టు. నేను ఆడిన ఒకే ఒక్క నజ్‌లాక్‌లో 'బుజ్జి' అనే పిడ్జీ లావెండర్ ఊరి దాకా వచ్చి పోయింది. పేరు పెట్టకుండా ఉండాల్సింది.

మొన్న సంక్రాంతికి గుంటూరు వెళ్ళినప్పుడు పాత హార్డ్‌డిస్క్ బయటపడింది. ఫైర్‌రెడ్ ఫోల్డర్‌లో రెండు సేవ్ ఫైళ్ళూ ఉన్నాయి. నాది తెరిచాను. గ్యారడాస్ 62, పక్కనే మ్యూటూ 70, ఒక్క లెవెల్ పెరగలేదు. మొదటి పెట్టెలో, మొదటి గడిలో, 14వ లెవెల్ బటర్‌ఫ్రీ. మొదటి జిమ్‌లో బ్రాక్ రాళ్ళని నా చార్మాండర్ ఏం చెయ్యలేకపోతే, అదే తన మంత్రంతో గట్టెక్కించింది. గెలిచిన మర్నాడు పెట్టెలో పెట్టినట్టున్నాను. సీతాకోకచిలుక త్వరగా ఎదిగి త్వరగా ఆగిపోతుందని, ఇక దానితో పనిలేదని, అప్పట్లో మా తమ్ముడికి పాఠం కూడా చెప్పాను. వాడు వినలేదని గుర్తు.

వాడి ఫైలు తెరిచాను. ఛాంపియన్ దగ్గర ఆగిపోయింది, ఓడించలేకపోయాడు. ఆరుగురిలో మొదటి స్థానంలో బటర్‌ఫ్రీ. లెవెల్ 71. ఫోన్ చేసి చెప్తే, "ఔనన్నయ్యా, ఇంకా ఉందా అది?" అన్నాడు. ఫైలు పంపమన్నాడు. పంపాను.